బోర్డు కోడి

ఏమోయ్ అల్లుడూ, ఇందాక ఆ కొట్లో నిన్ను చూశాను. అరగంట నించున్నావు. చేతిలో ప్యాకెట్టు, ముక్కు చివర కళ్ళజోడు, పెదాలు కదులుతున్నాయి. దూరం నుంచి చూసి పరీక్షకు చదువుకుంటున్నావేమో అనుకున్నాను. తీరా చూస్తే చచ్చిన కోడి జీవిత చరిత్ర చదువుతున్నావు. ఆర్గానిక్ అట, ఫ్రీ రేంజ్ అట, గడ్డి మీద నడిచిందట, మందు చుక్క ఎరగదట. ధర చూసి కింద పెట్టావు. మళ్ళీ తీశావు. మళ్ళీ పెట్టావు. బతికున్నప్పుడు కూడా ఆ కోడి అన్నిసార్లు ఎగిరి దూకి ఉండదు. చివరికి జేబు తడుముకుని అందరికంటే చిన్న ప్యాకెట్టు ఏరుకుని బయటికొచ్చి, "ఇది నిజంగా తిరిగిన కోడేనంటారా మావయ్యా, నమ్మొచ్చా?" అని నన్నడిగావు.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. నీ మీద కాదులే. ఇరవై ఏళ్ళుగా ఆ మాట ఎవరన్నా మండుతుంది. కూర్చో, ఎందుకో చెబుతాను. నీ పెళ్ళాం లోపల్నుంచి వింటే విననీ. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు, కానీ ఈ భాగోతంలో దానికీ వాటా ఉంది.

అప్పుడు నేను మా అక్కావాళ్ళింట్లో ఉండేవాణ్ణి. రెండు గదులు, ఒక వరండా. గదులు వాళ్ళవి, వరండా నాది. అక్క, బావ, వాళ్ళ కూతురు. పిల్లని, అదే నీ పెళ్ళాన్ని, పిచ్చుక అనేవాళ్ళం. బావ గోడలకు ప్లాస్టరింగ్ చేసేవాడు. నేను కొట్లకు బోర్డులు రాసేవాణ్ణి. నాలుగో క్లాసులో చదువు ఆగింది గానీ చేతిరాత ఆగలేదు. వాన పడితే గోడ ఆరదు, రంగూ ఆరదు. కాబట్టి వానాకాలం నాలుగు నెలలూ ఇంట్లో ఇద్దరు మగాళ్ళం చూరుకింద కూర్చుని మేమే ఆరుతూ ఉండేవాళ్ళం. అక్క చొక్కాలకు కాజాలు కుట్టే డబ్బులతో ఇల్లు నడిచేది.

ఆ ఏడు మబ్బులు పట్టేసరికి నాకు ఆఖరి పని దొరికింది. కోళ్ళ కొట్టు ఆయన బోర్డు. ఆయన్ని మొండికత్తి అనేవాళ్ళు, ఎంత నూరినా ఆయన కత్తి తెగేది కాదు. ఒక్క వేటు చాలిన కోడికి ఆయన మూడు వేసి, మూడోదానికి క్షమాపణ చెప్పేవాడు.

"తాజా కోడి మాంసం దొరుకును. అంతే రాయి," అన్నాడు.

బోర్డుకి నా కూలి అక్షరానికింత. అప్పట్లో అందరం అలాగే తీసుకునేవాళ్ళం. నాలుగు మాటలకు నా రంగు డబ్బా మూత తీసిన ఖర్చు కూడా రాదు. ముందు నాలుగు నెలల వాన.

"ఇంత పెద్ద రేకు మీద నాలుగు మాటలా? ఇల్లు ఖాళీ, అద్దెకివ్వబడును అన్నట్టుంటుంది. ఎదురుకొట్టు వాడు ఎంత రాయించాడో చూశావా?"

"వాడిది పుస్తకాల కొట్టు కదా."

"అందుకే చెబుతున్నా. చదువుకున్నవాడు, తెలిసే రాయించాడు."

నా కుంచెలు చుట్టుకున్న కాగితం ఏదో పాత పత్రికలోది. అందులో కోళ్ళ గురించి ఏదో వ్యాసం. అందులోంచి పొడుగు మాటలు ఏరాను. సుద్దతాడు కొట్టి గీతలు గీసి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాశాను: ఆరుబయట స్వేచ్ఛగా తిరిగినవి, మందులు సూదులు ఎరుగనివి, సహజమైన తిండి తిన్నవి, సంపూర్ణ ఆరోగ్యవంతమైన కోళ్ళు మాత్రమే ఇక్కడ అమ్మబడును. 'మాత్రమే' అనేది పూర్తిగా నా సొంతం. పక్కన ఖాళీ మిగిలితే ఒక కోడిపెట్టని వేశాను, కాళ్ళకు చెప్పులు, చంకలో గొడుగు, షికారుకు బయల్దేరినట్టు.

మొండికత్తి కిందనుంచి చూసి గుటక మింగాడు. "ఇదంతా నిజం కాదు కదయ్యా. నావి ఫారం కోళ్ళు."

"అవి తిరగలేదని చూసినవాడెవడు? కోడి వచ్చి సాక్ష్యం చెబుతుందా?"

గొణుక్కుంటూనే అక్షరాలు ఏరి ఏరి లెక్కపెట్టి డబ్బిచ్చాడు. నేను ఈలేసుకుంటూ ఇంటికొచ్చాను. అంతకుముందు నేను ఊళ్ళో పెట్టిన చెవిలో పువ్వులన్నిట్లో ఇదే పెద్దదని మురిసిపోయాను.

వానలు మొదలైన వారానికి పిచ్చుకకి జ్వరం వచ్చింది. మూడు వారాలు విడవలేదు. తగ్గాక చూస్తే పిల్ల కాగితంలా తెల్లబడింది. మెట్లెక్కితే మధ్యలో కూర్చునేది. డాక్టరమ్మ కింది కనురెప్ప లాగి చూసి, రక్తం పరీక్ష చేయించి, "ఉండాల్సిందాంట్లో సగమే ఉంది. వానలు తగ్గేలోపు పెరగాలి. పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చుకుని రక్తం ఎక్కిస్తాం," అంది. టానిక్కు రాసిచ్చింది. పిచ్చుక ఒక చెంచా తాగితే రెండు చెంచాలు కక్కేది. "అయితే తిండితోనే రావాలి. మాంసం, కార్జం బాగా పెట్టండి," అంది డాక్టరమ్మ. ఆసుపత్రి, సూది అన్న మాటలకే పిల్ల బల్ల కిందికి దూరిపోయింది.

మర్నాడు అక్క సంచీ పట్టుకుని వెళ్ళి గంట తర్వాత తడిసి వచ్చింది. సంచీలో ఒక్క కోడి. ధర చెప్పింది. బావ కూర్చున్నవాడు లేచి నించున్నాడు.

"ఆ డబ్బుకి రెండు ఫారం కోళ్ళొస్తాయి కదే," అన్నాడు.

"రావచ్చు. మూడు వారాలు పిల్ల మింగిన మందులు చాలవా? ఇంకా కోడి మింగిన మందులు కూడా మింగాలా? ఇవి ఆరుబయట తిరిగిన కోళ్ళు. బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రాసుంది."

నేను నోట్లో పెట్టుకున్న టీ వరండాలోకి ఊదేశాను.

అక్క నా వైపు తిరిగింది. "నువ్వే రాశావటగా. మొండికత్తి చెప్పాడు. అబద్ధాలైతే నువ్వు రాయవు కదరా?"

అదీ ఘడియ. అక్కడ 'అబద్ధం అక్కా' అని రెండు మాటలంటే అయిపోను. కానీ నా నాలుక సంగతి నీకు తెలుసు కదా, దానికి నిజం కంటే జోకు ముందు దొరుకుతుంది. "ఒక్కొక్క కోడినీ పేరు పెట్టి పలకరించి, యోగక్షేమాలు కనుక్కుని మరీ రాశాను," అన్నాను. బావ నవ్వాడు. పిచ్చుక కూడా చాలా రోజులకు నవ్వింది. నవ్వనిది అక్క ఒక్కతే. తల ఊపి, కోడిని తీసుకుని లోపలికెళ్ళింది. నమ్మేసింది.

అక్కణ్ణుంచి వారానికొక బోర్డు కోడి. ఆ పేరు బావ పెట్టాడు. ముక్కలు కొట్టించుకుంటే ధర ఎక్కువని అక్క కోడిని మొత్తంగా తెచ్చి తనే కోసేది. కార్జం, రొమ్ము పిచ్చుకకి. కాళ్ళు మర్నాడు పిచ్చుకకి. మెడ, వీపు, రెక్కల చివర్లు కలిపి మరగబెట్టిన నీళ్ళు మూడో రోజు అందరికీ. అవే ఎముకలు నాలుగో రోజు మళ్ళీ మరిగేవి, ఆ నీళ్ళలో కోడి ఉన్నట్టు వాసన తప్ప వేరే సాక్ష్యం లేదు. కొవ్వు కరిగించి సీసాలో పోసి నూనెకి బదులు వాడేది. ఒక్క కోడి మీద ఇల్లు వారమంతా నిలబడేది.

"బావమరిదీ, నా కంచంలోకి చూసి చెప్పు, ఇది కోడి కూరా, కోడి ఈత కొట్టి వెళ్ళిపోయిన నీళ్ళా?" అనేవాడు బావ రోజూ.

నెల తిరిగేసరికి పరీక్షలో రక్తం పెరిగింది. అక్క ముఖం వెలిగింది. అదే ఫారం కోడి చవగ్గా కొన్నా ఇంతే పెరిగేదని నాకు మంటెక్కేది. మొండికత్తి నా రాత అడ్డం పెట్టుకుని ధర పెంచి మా అక్క చేతే గుంజుకుంటున్నాడని నా ఊహ.

ఒకరోజు పాత రేకు మీద రంగు గీకడానికి బ్లేడు కోసం అక్క కుట్టుపెట్టె తీశాను. బ్లేడు అంచున తెల్లటి పొడి. దాని కింద మాత్రల అట్ట, అందులో సగం సగం తెగిన బీపీ మాత్రలు. రోజుకొకటి వేసుకోవాల్సిందాన్ని రెండు రోజులకు సాగదీస్తోంది. పొద్దున పొయ్యి దగ్గర గోడ పట్టుకుని ఆగడం రెండుసార్లు చూశాను. 'వయసు మీద పడుతోందా అక్కా' అని ఎగతాళి కూడా చేశాను.

నా ఒళ్ళంతా నిప్పంటుకుంది. వానలో గొడుగు కూడా లేకుండా మొండికత్తి కొట్టుకు వెళ్ళాను.

"ధర తగ్గించు."

"తిరిగిన కోడి ధర అంతేనయ్యా. బోర్డు చూడు."

"బోర్డు రాసింది నేను."

"మరి నీకు తెలిసే ఉండాలిగా," అన్నాడు, చాలా మామూలుగా. ఆ మామూలుతనం చూసి నాకు గొంతు పిసకాలనిపించింది.

"అక్షరాలు నావి, అబద్ధం నీదా? సిగ్గుండాలి నీకు. పసిపిల్ల నోటి దగ్గర తింటున్నావు."

"అరవకు. ఒకసారి వెనక్కి రా, చూపిస్తా."

"నువ్వు నాకు చూపించేదేంటి? నీ దొడ్లో ఏముందో రేకు మీద రాసి పెట్టింది నేనే. ఇంకొక్క మాటన్నావంటే ఆ మొండికత్తితోనే నిన్ను నరుకుతా, సాయంత్రం దాకా పడుతుంది." వచ్చేశాను. కొట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. కొట్టు కట్టేసి ఆయన భోజనానికి వెళ్ళగానే నిచ్చెన వేసుకుని ఎక్కి, బోర్డు మీది షికారు కోడి కాలికి ఇంత లావు గొలుసు గీశాను. సాయంత్రానికి వీధంతా నవ్వింది. మొండికత్తి ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు. గుడ్డకు కిరసనాయిలు అద్ది గొలుసు తుడిచేసుకున్నాడు. దొంగ కాబట్టే నోరెత్తలేదనుకున్నాను.

అప్పుడు వేశాను అసలు ఎత్తు. "వానలో నువ్వు తిరక్కు, కోడి నేను తెస్తా," అన్నాను అక్కతో. "నీకింత బుద్ధి ఎప్పుడొచ్చిందిరా," అంది, సంతోషంగా డబ్బు చేతిలో పెట్టింది. నేను నేరుగా పెద్ద బజారుకు వెళ్ళి ఫారం కోడి కొన్నాను. మొండికత్తి కట్టేట్టే పాత కాగితంలో చుట్టి, ఎర్ర దారం కట్టాను. మిగిలిన డబ్బుకి బీపీ మాత్రలు కొన్నాను.

"ఇవెక్కడివి?" అంది అక్క.

"మందుల కొట్టుకి బోర్డు రాశా. కూలి కింద ఇచ్చాడు."

"వానలో బోర్డేంటి?"

"లోపలి గోడ మీద."

అదీ నమ్మింది. ఆరు వారాలు, ఆరు ఫారం కోళ్ళు. అక్క నిండు మాత్ర వేసుకుంటోంది. పొయ్యి దగ్గర గోడ పట్టుకోవడం మానేసింది. పిచ్చుక కంచం రోజూ ఖాళీ అవుతోంది. బావ కూడా ఎందుకో గొణగడం మానేశాడు, నా హాస్యానికి మెత్తబడ్డాడనుకున్నాను. "చూశావా, ఈమధ్య కండ కూడా ఎక్కువుంటోంది. తిరిగిన కోడంటే అదీ," అని అక్క మెచ్చుకుంటుంటే నేను నవ్వు, మంట రెండూ ఒకేసారి మింగేవాణ్ణి. ఇంత తెలివైన మనిషి ఒక రేకు ముక్కకి ఇలా పడిపోయిందేంటని కోపం. పడేసింది నేనే కదా అని అంతకన్నా కోపం. ఆ రెండూ కలిపి మొండికత్తి మీద తిట్లుగా కక్కేవాణ్ణి. కనబడ్డ ప్రతివాడికీ చెప్పాను, ఆ కొట్టుకు వెళ్ళకండి, వాడు దొంగని.

వానలు వెనకపట్టాయి. పిచ్చుకని మళ్ళీ పరీక్షకు తీసుకెళ్ళాం. డాక్టరమ్మ కాగితం చూసి, పాత కాగితం పక్కన పెట్టి, కళ్ళజోడు తీసింది.

"మొదటి నెల బాగా పెరిగింది. తర్వాత అడుగు కూడా కదల్లేదు. పైగా కొంచెం తగ్గింది. సరిగా తింటోందా?"

"కంచం నాకి పెడుతోందండీ," అంది అక్క.

"అయితే నాకర్థం కావడం లేదు. ఇంకొక్క నెల చూస్తాను. అప్పటికీ ఇంతే ఉంటే చేర్చాల్సిందే."

బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాం. పిచ్చుక అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుని వెక్కిళ్ళు పెట్టింది. చేరిస్తే సూది గుచ్చుతారా అని అడిగింది. అవునన్నాను. అప్పుడు చెప్పింది.

"నేను తినట్లేదమ్మా. మొదట్లో కోడి బాగుండేది. తర్వాతది దూదిలాగ ఉంటోంది. నువ్వు అటు తిరగ్గానే నాన్న కంచంలో వేసేస్తున్నా."

అక్క బావ వైపు చూసింది. బావ తన చెప్పుల వైపు చూశాడు.

"ముక్కలు వచ్చి పడుతుంటే... ఎక్కువై పెడుతోందనుకున్నానే," అన్నాడు.

"పిల్ల ముక్కలు. ఆరు వారాలు." అక్క గొంతు పైకి లేవలేదు. అదే భయంకరం. లేచి, చీర సర్దుకుని, "తర్వాతది బాగోలేదంటే ఆ మొండికత్తి కోడి మార్చాడన్నమాట. పదండి," అంది. నేను అడ్డం పడబోయాను. వాన వస్తోందన్నాను. పిల్ల నడవలేదన్నాను. పిల్లని భుజాన వేసుకుని నడిచింది.

కొట్టు ముందు నించుని ఊరంతా వినేట్టు కడిగేసింది. "అన్నంత ధరా ఇచ్చానా లేదా? ఒక్క రోజైనా బేరమాడానా? పిల్లకని చెప్పి కొన్నానే. ఎందుకు మార్చావు కోడిని?"

మొండికత్తి కత్తి కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "ఏ కోడమ్మా? మీరు నా దగ్గర కొని ఆరు వారాలైంది. మీ తమ్ముడు ఒక్కసారి వచ్చి తిట్టి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు."

అక్క నెమ్మదిగా నా వైపు తిరిగింది. ఇంక దాచేదేముంది. అంతా కక్కేశాను. అక్షరాల కూలి, పాత పత్రిక, ఫారం కోళ్ళు, ఎర్ర దారం, మాత్రలు. "నీకోసమే చేశానక్కా. ఎలాగూ వాడు అమ్మేవీ ఫారం కోళ్ళే. అదే కోడికి అంత డబ్బు తగలెయ్యడం దేనికని. కావాలంటే వాణ్ణే అడుగు. చెప్పవయ్యా, ఇప్పుడైనా నిజం చెప్పు."

"అప్పుడే రమ్మన్నాను కదయ్యా," అన్నాడు మొండికత్తి. కొట్టు వెనక తలుపు తీశాడు.

వెనక సందు, సందు దాటితే ముళ్ళకంచె, కంచె లోపల తోట. తడి గడ్డిలో ఎర్రవి, నల్లవి, చుక్కలవి, ముప్పై దాకా కోళ్ళు. ఒకటి ఆకుల కింద గీకుతోంది. రెండు వానపాము కోసం కొట్టుకుంటున్నాయి. ఒకటి గోడెక్కి మమ్మల్ని చూస్తోంది. ఒక ముసలావిడ గింజలు చల్లుతోంది.

"నువ్వు రంగు డబ్బాలు సర్దుకుని వెళ్ళావో లేదో, ఒక పెద్దాయన వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని బోర్డు మొత్తం పైకి చదివాడు. 'ఇదంతా నిజమేనా?' అన్నాడు. కాదంటే నా కొట్టు ముందు నేనే దొంగని. అవునన్నాను. ఒళ్ళంతా చెమట పట్టేసింది. ఫారం కోళ్ళు ఉన్నవాటిని తెగనమ్మేసి, మర్నాడే ఊరంతా సైకిలేసుకుని తిరిగి, చివరికి నా వెనకే ఉన్న ఈవిడని పట్టుకున్నాను. తోట ఆవిడది, కోళ్ళు పెంచేదీ ఆవిడే. అందుకే ఆ ధర. ఏం చెయ్యను మరి? రాసేశావు కదా. అంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నాక, కింద నించుని అబద్ధాలెలా అమ్ముతాను?"

అల్లుడూ, అప్పుడు నాకు సిగ్గేసిందని చెప్పాలి. వెయ్యలేదు. కోపం వచ్చింది. రెండున్నర నెలలు వాణ్ణి తిట్టిన తిట్లన్నీ ఎటూ దిక్కులేక నా నోట్లోనే తిరుగుతున్నాయి. వాడు దొంగైతే నా కోపానికి ఒక ఇల్లుండేది. దొంగ కాకపోవడమే వాడు నాకు చేసిన ద్రోహం అనిపించింది. ఈ లోకంలో ఒక కోడి గడ్డి మీద నడవడానికి ఇంత డబ్బెందుకవ్వాలి, అది కొనడానికి ఒక ఆడమనిషి మాత్ర సగానికి ఎందుకు కొయ్యాలి అని, ఎవరిని తిట్టాలో తెలియక కంచెని ఒక్క తన్ను తన్నాను. ముల్లు దిగింది. కోళ్ళు చెల్లాచెదురుగా పరిగెత్తాయి. పిచ్చుక అక్క భుజం మీదనుంచి కిలకిలా నవ్వింది.

అక్క నవ్వలేదు, తిట్టలేదు. ఒక కోడిని చూపించి కొనుక్కుని ఇంటికి నడిచింది. ఆ రోజునుంచి నాతో మాట మానేసింది. కంచం పెట్టేది, మాట పెట్టేది కాదు. కోడి తనే తెచ్చేది. బావ కంచం పిల్ల కంచానికి నాలుగు మూరల దూరం జరిగింది. నేను వానలు తెరిపిచ్చాక దొరికిన ప్రతి బోర్డూ, ఒక్క అక్షరం పెంచకుండా రాసి, అక్క మాత్రలు అట్టలకు అట్టలు తెచ్చి కుట్టుపెట్టెలో పెట్టేవాణ్ణి. వేసుకునేది. మాట్లాడేది కాదు. ఎన్ని వేషాలు వేసినా మూతి విప్పలేదు.

నెల తిరిగింది. డాక్టరమ్మ కాగితం చూసి పిచ్చుక బుగ్గ గిల్లింది. చేర్చక్కర్లేదంది. ఇదే తిండి ఇలాగే పెట్టమంది. మెట్లు దిగుతూ పిల్ల రెండేసి మెట్లు దూకింది. మేం వెనక దిగుతున్నాం. వీధిలోకి వచ్చాక అక్క ఆగింది. నెల తర్వాత నా ముఖంలోకి చూసి మాట్లాడింది.

"ఆ బోర్డు వీధంతా చదివి నమ్మింది. నేను నమ్మాను. అబద్ధమని తెలిసి కూడా రాయించినవాడు నమ్మి, దాన్ని నిజం చేసుకున్నాడు. అది అబద్ధమని గట్టిగా నమ్మి మోసపోయింది ఒక్కడేరా. రాసినవాడు."